‘అలాంటివేం లేవు కదా?’: ఒక ట్రైనీతో ఏడు నెలల సూపర్‌విజన్

ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ రెండో ఏడాది చదువుతున్న ఒక ట్రైనీకి నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పటి సంగతి ఇది. సూపర్‌విజన్ అంటే ట్రైనీ చూస్తున్న కేసుల గురించి సీనియర్ ఆ ట్రైనీతో కూర్చుని మాట్లాడి దారి చూపడం. ఏడు నెలల పాటు మేమిద్దరం దాదాపు ఒక్క ప్రశ్న చుట్టూనే పనిచేశాం. ఇంటి పెద్దలాంటి మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడగడం ఎలా? ఆ ప్రశ్న ఆమెకు తెలియక కాదు. పరీక్షలో వస్తే ఆత్మహత్య ముప్పును అంచనా వేయడం గురించి నాలుగు పేజీలు రాయగలదు. మనిషి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. దాన్ని సరిచేయబోయి నేను రెండుసార్లు తప్పు దారి పట్టాను. సూపర్‌విజన్ చేసేవాళ్లకీ, చేయించుకునేవాళ్లకీ పనికొస్తుందని ఆ తప్పులతో సహా రాస్తున్నాను.

ఆమె ఈ రాత మొత్తం చదివింది. రెండు పేరాలు తీసేయమంది, తీసేశాను. పేషెంట్ కూడా రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఊరు, వయసు, కుటుంబం వివరాలు మార్చాను. ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం అన్నది రాయడం లేదు.

నేపథ్యం

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సు చదివి, 1992 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. చాలామంది వచ్చిన దారి రెండేళ్ల ఎం.ఫిల్. మొదటి ఏడాదిలో టెస్టులు, రోగ నిర్ధారణ మీద బరువు ఎక్కువ. దానికి ఐదు పూర్తి రిపోర్టులు సమర్పించాలి. రెండో ఏడాది థెరపీ. దానికి ఐదు పూర్తి థెరపీ రికార్డులు. మధ్యలో ఓపీ, వార్డు, సెమినార్లు, డిసర్టేషన్. ఈ ఒత్తిడిలో ట్రైనీ మనిషిగా ఎలా మారుతున్నారు, ఏ పేషెంట్ దగ్గర బిగుసుకుపోతున్నారు అన్నది ఎవరు చూడాలి? బ్రిటన్‌లో ఇది మూడేళ్ల డాక్టరేట్. అక్కడి కోర్సుల్లో వ్యక్తిగత, వృత్తిపరమైన ఎదుగుదల అన్నది చదువులో ఒక భాగంగానే ఉంటుంది. మా దగ్గర ఆ పేరుతో పేపరు లేదు. జరిగితే సూపర్‌విజన్ గదిలో జరగాలి, లేకపోతే లేదు.

ఆ అమ్మాయి మొదటి ఏడాది మా అందరికీ నచ్చిన ట్రైనీ. సిరా మరకలు చూపించి చేసే రోర్షాక్ టెస్ట్ స్కోరింగ్‌లో తప్పు దొరికేది కాదు. తెలివితేటలు కొలిచే బినే కామత్ టెస్ట్ చేస్తుంటే మారాం చేసే పిల్లవాడు కూడా పావుగంటలో ఆమె మాట వినేవాడు. కాలేజీ అమ్మాయిలు ఆమె దగ్గర గంటసేపు మాట్లాడేవారు. అందుకే రెండో ఏడాది మొదట్లో నేను ఆమె గురించి పెద్దగా ఆలోచించలేదు. బాగా చేసే ట్రైనీని మనం తక్కువ చూస్తాం. కష్టపడుతున్న మరో ఇద్దరి మీదే నా టైమంతా పోయేది.

ఒక్క విషయం మాత్రం ఓపీ రిజిస్టర్‌లో కనిపించింది. మిగతావాళ్లతో నలభై ఐదు నిమిషాలు నడిచే సెషన్ యాభై దాటిన మగవాళ్లతో పాతిక నిమిషాలకే ముగుస్తోంది. ఓపీ రద్దీ కదా అనుకుని వదిలేశాను.

సమస్య బయటపడిన రోజు

అరవై దాటిన రైతు. పత్తి పండించే ఊరు. భార్య పోయి ఏడు నెలలు. మోకాళ్ల నొప్పులని ఆర్థోకి వచ్చారు, అక్కడి డాక్టర్ నిద్ర, తిండి సంగతి అడిగి సైకియాట్రీకి పంపారు. డిప్రెషన్ అని నిర్ధారించి సైకియాట్రిస్ట్ మందులు మొదలుపెట్టారు. థెరపీకి ఈ ట్రైనీకి ఇచ్చాం. అది మూడో సెషన్.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కేస్ షీట్లు సంతకం పెడుతున్నాను. డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే హామిల్టన్ స్కేల్‌లో మూడో ఐటమ్ ఆత్మహత్యది. ఏమీ లేకపోతే 0, బతకడం దండగ అనిపిస్తే 1, చచ్చిపోతే బాగుండనిపిస్తే 2, అలా పైకి వెళ్తుంది. ఆమె 1 వేసింది. పక్క పేజీలో మెంటల్ స్టేటస్ (పేషెంట్ మానసిక స్థితి) రాసే దగ్గర మాత్రం ఆత్మహత్య ఆలోచనలు ‘లేవని చెప్పారు’ అని ఇంగ్లీషులో ఒక్క మాట. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే ఉదయం రాసినవి. బతకడం దండగ అన్న మనిషిని ఆ తర్వాత ఏం అడిగారు, ఆయన ఏమన్నారు అన్నది ఎక్కడా లేదు.

పిలిచి అడిగాను. “అడిగాను సార్, లేవన్నారు” అంది. కళ్లలో తొట్రుపాటు లేదు. సెషన్ రికార్డింగ్ ఉంది. రాతపూర్వక అనుమతితో, డిపార్ట్‌మెంట్ రికార్డర్‌లోనే చేస్తాం, కోర్సు అయ్యాక చెరిపేస్తాం. ఇద్దరం కలిసి విన్నాం. పందొమ్మిదో నిమిషం దగ్గర ఇలా ఉంది:

“మీ పెద్దమ్మ పోయినంక ఇంట్ల పొయ్యి ముట్టియ్య బుద్ధయితలేదు బిడ్డా. చేన్ల గూడ ఏం పని లేదు. పత్తికి తెచ్చిన మందు సగం సీస కొట్టంల అట్లనే ఉన్నది.”

“టాబ్లెట్లు వేళకి వేసుకుంటున్నారా పెద్దనాన్నా?”

“ఏస్కుంటున్న బిడ్డా.”

“మరీ అలాంటి ఆలోచనలేం రావట్లేదు కదా?”

“రావులే బిడ్డా.”

అంతే. తర్వాత నిద్ర గురించి మాట్లాడారు.

మన భాషలో ‘మందు’ అంటే టాబ్లెట్, మందు అంటే సారా, మందు అంటే పురుగుల మందు. ఏది అన్నది వాక్యం చెబుతుంది. ఇక్కడ వాక్యం స్పష్టంగానే చెప్పింది. పొయ్యి వెలిగించాలనిపించని మనిషి, పనిలేని చేను, కొట్టంలో సగం సీసా. ట్రైనీ మాత్రం ఆ మాటని టాబ్లెట్ల వైపు తిప్పేసింది. ఆ తర్వాతి ప్రశ్న ‘కదా’తో ముగిసింది. ‘కదా’ అన్నాక ఎదుటివాళ్లు ఇవ్వగల జవాబు ఒక్కటే. పెద్దాయన ఆ అమ్మాయికి కావలసిన జవాబు ఇచ్చి ఆమెని ఒడ్డున పడేశారు.

ఆ సాయంత్రం ఏం చేశాం

ముందు పేషెంట్. ట్రైనీ సంగతి తర్వాత. ఆయన అప్పటికే బస్సెక్కేశారు. కేస్ షీట్‌లో ఆయన నంబరూ, కొడుకు నంబరూ ఉన్నాయి. కొడుక్కే నేరుగా చెప్పేయొచ్చా? ప్రాణాపాయం ఉన్నచోట అవసరమైనంత మేరకు చెప్పడానికి 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వీలిస్తుంది. అయినా ముందు పెద్దాయనకే ఫోన్ చేశాను. నమ్మి చెప్పుకున్న మాట వెనక నుంచి ఇంటికి చేరితే మళ్లీ మా దగ్గర నోరు విప్పరు. స్పీకర్ పెట్టి, ట్రైనీని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. “కొట్టంలో పురుగుల మందు ఉందన్నారు. అది తాగుదామని ఎప్పుడైనా అనిపించిందా?” చాలాసేపటికి “శానసార్లు” అన్నారు. ఎప్పుడు, ఎలా అన్నది ఇంకా అనుకోలేదు. కొడుక్కి చెప్తానంటే ముందు వద్దన్నారు, తర్వాత సరేనన్నారు. ఆ రాత్రే సీసా ఇంట్లోంచి వెళ్లిపోయింది. కొడుకు ఆ రాత్రి తండ్రి పక్కనే పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. సైకియాట్రిస్ట్ మళ్లీ చూశారు. అడ్మిషన్ వద్దనుకున్నాం. తక్షణం చేసుకోవాలన్న ఉద్దేశం లేదు, మందు అందుబాటులో లేదు, ఇంట్లో మనిషి తోడున్నాడు, రెండు రోజులకోసారి వస్తామన్నారు. స్టాన్లీ, బ్రౌన్ తయారుచేసిన సేఫ్టీ ప్లాన్ పద్ధతిలో ఆయన మాటల్లోనే ఒక కాగితం రాసుకున్నాం. కష్టంగా ఉన్నప్పుడు ముందు ఏం చేయాలి, ఎవరింటికి వెళ్లి కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి. చివర్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.

ఇక ట్రైనీ. నా ముందు రెండు ప్రశ్నలు. ఇది తప్పుడు రికార్డు కింద లెక్కా? కాదనుకున్నాను. ఆమె నిజంగానే అడిగాననుకుంది. జవాబు వచ్చింది, రాసింది. అబద్ధం రాసే ట్రైనీ స్కేల్ మీద కూడా 0 వేస్తుంది. 1 వేసిందంటే ఆమెలో ఒక భాగం విన్నదని అర్థం. రెండోది, కేసు ఆమె చేతుల్లోంచి తీసేయాలా? తీసేస్తే పేషెంట్‌కి క్షేమం అనిపిస్తుంది. కానీ ఏడు నెలల కింద భార్యని పోగొట్టుకున్న మనిషికి ‘బిడ్డ’ కూడా చెప్పకుండా మాయమవుతుంది. ఆమెకేమో ఆ ప్రశ్న అడగలేకపోయిన దగ్గరే కథ ఆగిపోతుంది. తర్వాతి మూడు సెషన్లు నేనూ గదిలో కూర్చున్నాను. రిస్క్ ప్రశ్నలు నేను అడిగాను, మిగతాది ఆమె నడిపింది.

మొదటి ప్రయత్నం: నేర్పించడం

సూపర్‌వైజర్ ఒకసారి టీచర్‌గా, ఒకసారి కౌన్సెలర్‌గా, ఒకసారి తోటి నిపుణుడిగా ఉంటాడని జానైన్ బెర్నార్డ్ 1979లో చెప్పింది. ఎప్పుడు ఏది కావాలో ఎంచుకోవడమే పని అని. నేను ముందు ఎంచుకున్నది టీచర్. అది నాకు అలవాటైన కుర్చీ.

భాష దగ్గర మొదలుపెట్టాం. ఇది వృథా కాలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా ట్రైనీలు ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో అడుగుతారు. “మీకు ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా?” అంటే పల్లెటూరి మనిషికి అది పేపర్లో చదివే మాట, తన మీద వేసే నేరం లాంటి మాట. “లేవు” అంటాడు. “ఏమన్నా చేసుకుందామనిపించిందా?” అంటే అర్థమవుతుంది, కానీ ఇద్దరూ దాని చుట్టూ తిరగొచ్చు. అందుకే మెట్లు మెట్లుగా వెళ్లాలి. “ఈ మధ్య బతుకు మీద విసుగొచ్చిందా?”, “పొద్దున్న లేవకుండా పోతే బాగుండనిపిస్తుందా?”, “చచ్చిపోవాలనిపిస్తోందా?”, “ఎలా అనుకున్నారు? మందు తాగా, ఉరేసుకునా, బావిలో దూకా?”, “అది దగ్గర ఉందా?” అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం చాలామందికి ఉంటుంది. అలా జరగదని పరిశోధనలు చూపించాయి. ఇవన్నీ రాసిచ్చాను. రోల్ ప్లేలు చేయించాను. తోటి ట్రైనీ పేషెంట్‌గా కూర్చుంటే ఆమె ఒక్క ‘కదా’ లేకుండా, గొంతు వణక్కుండా అడిగింది. నేను సంతోషించాను.

పది రోజుల తర్వాత ఇంకో పేషెంట్. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తాగుడు, కాలేయం దెబ్బతింది. రికార్డింగ్‌లో అదే గొంతు, అదే తొందర: “ఇంట్లోవాళ్లని ఇబ్బంది పెట్టే ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా పెద్దనాన్నా?”

రోల్ ప్లేలో రావడమే నాకు సూచన కావాల్సింది. నైపుణ్యం లేకపోతే అక్కడా రాదు. వస్తోంది కానీ ఫలానా మనుషుల ముందు రావడం లేదంటే అది నేర్పాల్సిన విషయం కాదు. నేను ఇంకా రెండు వారాలు నేర్పాను. చదవడానికి వ్యాసాలిచ్చాను. వారం వారం డైరీ రాసి చూపించమన్నాను. డైరీ అందంగా వచ్చేది. నాకు చూపించాలి కాబట్టి నా కోసం రాసిన డైరీ అది.

రెండో ప్రయత్నం: ఇంటి సంగతి అడగడం

ఇప్పుడు కుర్చీ మార్చాను. కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అన్న మాట ఫ్రాయిడ్ 1910లో వాడాడు. పేషెంట్ వల్ల థెరపిస్ట్‌లో కదిలే భావాలు. ఆయనకి అది అధిగమించాల్సిన అడ్డంకి. 1950లో పౌలా హైమన్ దాన్ని తిప్పి చెప్పింది: థెరపిస్ట్‌కి కలిగే భావం పేషెంట్‌ని అర్థం చేసుకోవడానికి ఒక పనిముట్టు కూడా. ఇద్దరి మాటా నాకు తెలుసు. తండ్రి వయసు మనుషుల దగ్గరే ఆగిపోతోంది కాబట్టి ఏదో ఇంట్లో ఉందని ఊహించాను. ఊహ తప్పు కాకపోవచ్చు. దాన్ని పట్టుకుని నేను చేసింది తప్పు.

ఒక గురువారం సాయంత్రం సూపర్‌విజన్ చివర్లో అడిగేశాను. “ఏమ్మా, నాన్నగారితో ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?”

“బాగానే ఉంది సార్.”

ఆ తర్వాతి రెండు వారాలు ఆమె సూపర్‌విజన్‌కి టైప్ చేసిన నోట్సుతో వచ్చింది. తేలిక కేసులే తెచ్చింది. చెప్పిందల్లా రాసుకుంది. ఒక్క ప్రశ్న అడగలేదు. తెరిచి ఉన్న తలుపు నేనే మూసేశానని అర్థమైంది కానీ ఎందుకో వెంటనే తెలియలేదు. నేను గట్టిగా అడగలేదు, ప్రేమగానే అడిగాను అనుకున్నాను.

నాకన్నా చాలా సీనియర్ అయిన ఒక మేడమ్‌తో నెలకోసారి నా సూపర్‌విజన్ పని గురించి మాట్లాడతాను. ఆవిడది వేరే ఊరు, వేరే సంస్థ. జరిగింది చెప్పాను. ఆవిడ రెండు విషయాలు అడిగారు. “ఆ అమ్మాయి ఇంటర్నల్ మార్కులు ఎవరు వేస్తారు?” నేనే. “నువ్వు అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పు.” చెప్పాను. చెబుతుంటే నా చెవులకే వినిపించింది. అంతా బాగానే ఉంది కదా?

పేషెంట్, థెరపిస్ట్ మధ్య జరిగేది సూపర్‌విజన్ గదిలో మళ్లీ జరుగుతుందని హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే రాశాడు. నేను క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చెప్పే విషయం. పెద్దాయన ‘బిడ్డా’ అన్నారు, ఆమె కూతురై కూర్చుంది, జవాబు వినడానికి భయపడి ‘కదా’ అని అడిగింది. నేను ‘ఏమ్మా’ అన్నాను, తండ్రినై కూర్చున్నాను, నిజంగా ఏదైనా చెప్తే ఏం చేయాలో తెలియక ‘కదా’ అని అడిగాను. ఆమె నన్ను ఒడ్డున పడేసింది, పెద్దాయన ఆమెని పడేసినట్టే.

మార్కుల సంగతి అంతకన్నా పెద్దది. చదువు, వైవా, సర్టిఫికెట్ నా సంతకం మీద ఆధారపడిన మనిషిని ఇంటి సంగతి అడగడం అంటే ‘చెప్పను’ అనే అవకాశం లేకుండా అడగడం. మన కాలేజీల్లో సార్‌కి ‘చెప్పను’ అనే ట్రైనీ ఉండదు. ఉన్న దారి ఒక్కటే, ‘బాగానే ఉంది సార్’.

పనిచేసింది

తర్వాతి వారం ఆమెతో నేరుగా చెప్పాను. “ఆ రోజు మీ నాన్నగారి గురించి అడిగాను. అది నేను అడగాల్సింది కాదు. నీ మార్కులు నా చేతిలో పెట్టుకుని అడగడం ఇంకా తప్పు. మీ ఇంట్లో ఏముందో నాకు తెలియక్కర్లేదు. సెషన్‌లో ఆ క్షణంలో నీకు ఏమవుతోందో అది మాత్రం మన పని.” క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. నోట్సు మూసి బ్యాగులో పెట్టేసింది.

మూడు మార్పులు చేశాం. థెరపీ పేపర్‌కి ఆమె ఇంటర్నల్ అసెస్‌మెంట్ వేరే ఫ్యాకల్టీకి మార్చమని హెచ్‌ఓడీని అడిగాను. కారణం అడిగితే సూపర్‌విజన్ అవసరం అని మాత్రం చెప్పాను. మార్చారు. రెండోది, మా సంస్థతో సంబంధం లేని నలుగురు థెరపిస్టుల నంబర్లు ట్రైనీలందరికీ ఇచ్చాను, ఆమె ఒక్కదానికే ఇస్తే అది వేలు చూపించినట్టవుతుంది. ఎవరు వెళ్లారో నేను అడగను అని చెప్పాను. ఈరోజుకీ అడగలేదు. డైరీ చూపించడం మానిపించాను.

మూడోది అసలు పని. నార్మన్ కేగన్ 1960లలో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో తయారుచేసిన పద్ధతి ఒకటుంది. రికార్డింగ్‌ని మళ్లీ పెడతారు. ఆపే బటన్ ట్రైనీ చేతిలో ఉంటుంది. ఎక్కడ ఏదైనా గుర్తొస్తే అక్కడ ఆపి అప్పుడు ఏమనిపించిందో చెప్పాలి. పక్కనున్నవాళ్లు తప్పొప్పులు చెప్పకూడదు, చిన్న ప్రశ్నలు వేయాలి, అంతే. దీనికి ముందు కూడా మేం రికార్డింగ్‌లు విన్నాం, కానీ బటన్ నా చేతిలో ఉండేది. ఆపింది నేను, తప్పు చూపించింది నేను.

మొదటి రెండు వారాలు ఆమె ఎక్కడా ఆపలేదు. నేనూ ఆపలేదు. రికార్డర్ నడుస్తూ ఉండేది, ఇద్దరం వింటూ ఉండేవాళ్లం. మూడో వారం తనే ఆ పాత రికార్డింగ్ తెచ్చింది. పందొమ్మిదో నిమిషం. ‘కొట్టంల అట్లనే ఉన్నది’ దగ్గర ఆపింది. వేలు బటన్ మీదే ఉంది.

“నాకు తెలుసు సార్.”

“ఏం తెలుసు?”

“ఏ మందో. విన్నాను. విన్నానని అప్పుడు నాకు తెలియలేదు. కడుపులో చల్లగా అయింది. వెంటనే టాబ్లెట్ల గురించి అడిగేశాను.”

“అడిగితే ఏమవుతుందనిపించింది?”

“అవునంటారని.”

“అంటే?”

కాసేపు ఆగి, “అక్కడ సైకాలజిస్ట్ లేదు సార్. ఆయన బిడ్డే ఉంది. బిడ్డకి అలాంటిది వింటే ఏం చేయాలో తెలీదు” అంది.

నేను ఇంకో ప్రశ్న అడగలేదు. అడగాలనిపించింది, నిజమే. ఏ బిడ్డ, ఎప్పుడు, ఏం విన్నది అని. ఆ ప్రశ్న వెనక ఆమె అవసరం ఎంత, నా కుతూహలం ఎంత అని చూసుకుంటే నా కుతూహలమే ఎక్కువ. ఆమె పనికి కావాల్సింది అప్పటికే బల్ల మీద ఉంది. కడుపులో చల్లబడటం అనే గుర్తు దొరికింది. అది మళ్లీ వస్తే అక్కడ ఒక ప్రశ్న ఉందని అర్థం. “అది వచ్చినప్పుడు టాపిక్ మార్చకుండా ఒక్క ఊపిరి ఆగగలవా?” అని మాత్రం అడిగాను.

పిలుపుల సంగతి

ఇక్కడ ఒక చిన్న పొరపాటు కూడా రాయాలి. వరసలు పెట్టి పిలవడమే చిక్కు తెచ్చింది కాబట్టి ‘పెద్దనాన్నా’ మానేసి పేరు చివర ‘గారు’ పెట్టి పిలవమన్నాను. ఒక సెషన్ అలా చేసింది. పెద్దాయన ముడుచుకుపోయారు. “నేనేమన్న తప్పు మాట్లాడిన్నా బిడ్డా?” అని అడిగారు. ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన దూరాన్ని తెచ్చి, మనవాళ్లు మనిషికి మనిషి దగ్గరయ్యే దారికి అడ్డం పెట్టాను. వరస మానడం కాదు, ఆ వరసలో ఉంటూనే ఆ ప్రశ్న అడగగలగడం కావాలి.

ఆ మాట నేను కనిపెట్టలేదు. ఆమే వెతుక్కుంది. పెద్దాయన భార్య సంవత్సరీకం దగ్గరపడింది. అలాంటి రోజులు గండమని ఇద్దరికీ తెలుసు. నేను అప్పటికి గదిలో కూర్చోవడం మానేసి చాలా వారాలైంది, పక్క గదిలో ఉన్నాను. రికార్డింగ్‌లో ఆమె గొంతు నెమ్మదిగా ఉంది:

“పెద్దనాన్నా, బిడ్డకి చెప్తే భయపడుతుందని ఇంట్లో కొన్ని చెప్పరు. ఇక్కడ మీరు ఏం చెప్పినా వినడానికే కూర్చున్నాను. పెద్దమ్మ సంవత్సరీకం వస్తోంది. చచ్చిపోవాలనిపిస్తోందా?”

తర్వాత పదకొండు సెకన్లు ఏమీ లేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం ఉంది. ఆ పదకొండు సెకన్లు ఆమె మాట్లాడకుండా ఉండటమే ఏడు నెలల పని అని నాకనిపిస్తుంది.

“అనిపిస్తది బిడ్డా. రాత్రిపూట.”

“మళ్లీ పురుగుల మందు ఏమన్నా ఇంటికి తెచ్చారా?”

తేలేదు. కొడుకు తేనివ్వడం లేదు. ఎన్ని రాత్రులు, ఎంతసేపు, అప్పుడు ఏం చేస్తున్నారు, అన్నీ అడిగింది. పాత సేఫ్టీ ప్లాన్ కాగితం ఆయన జేబులోంచి తీసి ఇద్దరూ మళ్లీ రాసుకున్నారు. సంవత్సరీకానికి చెల్లెలు వచ్చి పది రోజులు ఉండేలా ఆయన చేతే ఫోన్ చేయించింది. బయటికొచ్చి నాకూ, సైకియాట్రిస్ట్‌కీ చెప్పింది. ఆ నెల గడిచింది. తర్వాత మూడు నెలలకి ఆయన స్కోరు బాగా తగ్గింది. మందులూ, కొడుకూ, చెల్లెలూ, థెరపీ, ఇందులో దేని వాటా ఎంత అని నేను చెప్పలేను. కానీ ఆయన వస్తూనే ఉన్నారు.

మిగతా పేషెంట్ల దగ్గర ఒక్కసారిగా మారలేదు. కోర్సు చివరి నెలలో కూడా ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర ‘కదా’ వినిపించింది. ఈసారి ఆమే రికార్డింగ్ ఆపి, “ఇక్కడ చూడండి సార్” అంది. మర్నాడు ఫోన్ చేసి మళ్లీ సరిగ్గా అడిగింది.

ఇప్పుడు ఏం మార్చాను

మా కేస్ షీట్లలో ‘లేవని చెప్పారు’ అన్న ఒక్క మాటకి ఇప్పుడు సంతకం పెట్టను. ఏమని అడిగారో, ఏమని చెప్పారో రెండూ తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాయాలి. ఇంగ్లీషు మాట ప్రశ్నని దాచేస్తుంది. తెలుగులో రాస్తే ‘కదా’ కాగితం మీద కనిపిస్తుంది, ట్రైనీకే ముందు కనిపిస్తుంది. మొదట్లో పీజీలు టైమ్ లేదన్నారు. రెండు వాక్యాలకి పట్టే టైమ్ ఎంతని? ఇప్పుడు వాళ్లూ రాస్తున్నారు.

బాగా చేసే ట్రైనీల రికార్డింగ్‌లు కూడా నెలకొకటి వింటున్నాను, వాళ్లు ఎంచుకున్నది కాకుండా. నా సూపర్‌విజన్ సెషన్లు కూడా ట్రైనీ అనుమతితో రికార్డు చేసి ఆ మేడమ్‌కి వినిపిస్తున్నాను.

మార్కులు వేసేవాళ్లు వేరు, మనసు విప్పే చోటు వేరు అన్నది మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు. మా దగ్గర మరో ఫ్యాకల్టీ ఉన్నారు కాబట్టి ఆమె విషయంలో మార్చగలిగాం. అన్ని చోట్లా ఆ వెసులుబాటు ఉండదు. అలాంటి చోట పక్క ఊరి కాలేజీతో మాట్లాడుకుని, నెలకి రెండు గంటలు మన ట్రైనీలని వాళ్లూ, వాళ్ల ట్రైనీలని మనమూ మార్కుల ఊసు లేకుండా వినొచ్చు. దీని మీద ఇద్దరు స్నేహితులతో మాట్లాడాను. ఒకరు ఒప్పుకున్నారు. వచ్చే బ్యాచ్‌తో మొదలుపెడుతున్నాం.